కవిలె కట్టలును – చదువు యంత్రమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభసమయమున పూర్వకవులను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట నాకు సులువైన పని. కాని కార్యదర్శిగారు నాకు వేఱొక విషయము నిర్ణయించిరి. పఠన మందిరము వెనుకనున్న చిన్న గదిలో మూడు పాత కంప్యూటర్లు రాత్రింబవళ్లు పనిచేయుచున్నవి. వానిని చూచి చందాదారులు రెండు ప్రశ్నలు వేయుచున్నారు. "ఆ యంత్రములు చేయుచున్న పని యేమి?" అనునది మొదటిది. "అవి కాగితములను చదివి అక్షరములను ఎత్తి వ్రాయుచున్నవి గదా! ఇక ఈ చెదలు పట్టిన కట్టలను ఉంచుకొనుట యెందులకు? అమ్మివేసినచో రెండు బీరువాల చోటు కలిసివచ్చును గదా!" అనునది రెండవది. ఈ రెండవ ప్రశ్న రాబోవు సర్వసభ్య సమావేశమునకు తీర్మానరూపమున రానున్నది. కావున మొదటిదానికి విపులముగను, రెండవదానికి నిష్కర్షగను సమాధానము చెప్ప ప్రయత్నింతును. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను; గ్రామ లెక్కలు వ్రాయువాడను. అయినను లెక్కలు వ్రాయువానికి తెలిసిన మాటలతోనే ఈ సంగతిని చాలవఱకు చెప్పవచ్చునని నా నమ్మకము.

మొదట ఆ కట్టలలో ఏమున్నదో చెప్పవలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థులు తమ యిండ్లలోని పాత పుస్తకములను, పత్రములను మన గ్రంథాలయమునకు తెచ్చి ఇచ్చుచున్నారు. కొందఱు శాశ్వతముగ ఇచ్చిరి. కొందఱు ఛాయ తీసికొని మరల ఇమ్మనిరి. వానిలో వావిళ్లవారి అచ్చు పుస్తకములున్నవి. వారపత్రికలున్నవి. క్రయపత్రములు, పట్టాలు, శిస్తు రసీదులు, కరణముల కవిలెలు ఉన్నవి.

ఈ ప్రాంతపు కాగితములకొక చిక్కు కలదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. అంతకు పూర్వము మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివి. పుంగనూరు జమీను ఉత్తరార్కాటు జిల్లాలోనిది. కుప్పము కంగుంది జమీనునకు చెందినది. 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు శాసనముతో జమీనులు పోయి రైత్వారీ వచ్చినది. కుప్పము మూడు భాషల కూడలి, అటునుండి వచ్చిన పెట్టెలలో తెలుగు, తమిళము, కన్నడము మూడు లిపులును కలిసియుండును, పైని ఆంగ్లము. కావున ఒక కుటుంబపు నేల కథ ఒక్కచోట, ఒక్క లిపిలో, ఒక్క జిల్లా పేర దొరకదు. దానిని వెదకువానికి నెలలు పట్టును. ఆ కాగితములలోని వ్రాత వెదకుటకు వీలైన అక్షరములుగ మారినచో, ఒక గ్రామనామము చెప్పిన వెంటనే అది వచ్చు పుటలన్నియు ఎదుట నిలుచును. మన పిల్లలు ఈ సేవను నెలకొల్పుటకు మూలకారణమిదియే.

రెండవ కారణము మీరెల్లరు ఎఱిగినదే. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి రెవెన్యూ దస్త్రములు పెక్కు కాలిపోయినవి. దాని కారణములను విచారించుట ఈ సభ పని కాదు. కాని ఒక్క సంగతి మాత్రము పల్లెపల్లెకును తెలిసివచ్చినది: ఒక్క ప్రతి మాత్రమే యున్న కాగితము ఒక్క రాత్రిలో లేనిదగును. మన పూర్వులకు ఈ భయము క్రొత్త కాదు. అందుచేతనే ప్రతులు వ్రాయించిరి. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర అనంతరకాలమున పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, ఒకదానితోనొకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన చేసిన దానిలో రెండు పనులున్నవని గమనింపుడు: ప్రతిని వ్రాయించుట ఒకటి, పోల్చి దిద్దించుట రెండవది. యంత్రము మొదటి పనిని మాత్రమే చేయును. రెండవది మనదే. ఈ మాటను తరువాత మరల చెప్పవలసియుండును.

ఇక యంత్రము చదువు విధానము. ఛాయ తీయుటయు చదువుటయు వేఱువేఱు పనులు. మన చిత్తూరు సీమలోని కాటూరు గ్రామమున జన్మించి, కంప్యూటరు శాస్త్రములో 1994 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారమును పొందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకములను ఛాయారూపమున అందఱకు అందించు మహా ప్రయత్నమునకు ముఖ్యులు. దానివలన వేలకొలది తెలుగు పుస్తకములు నేడు ఇంటనుండి చూడనగుచున్నవి. కాని ఛాయ ఒక బొమ్మ. "పుంగనూరు" అను పదము ఎక్కడ నున్నదని బొమ్మను అడిగినచో బొమ్మ చెప్పలేదు. బొమ్మలోని గీతలను అక్షరములుగ గుర్తించి, యూనికోడు అను లోకసమ్మతమైన సంకేతములలోనికి మార్చినప్పుడే అది వెదకుటకు పనికివచ్చును.

మన గదిలో ఈ పనికి రెండు సాధనములున్నవి. మొదటిది టికా. అది ద్వారమున నిలిచిన గుమస్తావంటిది. వచ్చిన దస్త్రము ఏ జాతిదో చూచి, అందులో అక్షరములే యున్నచో వానిని నేరుగ ఎత్తి ఇచ్చును. బొమ్మయైనచో రెండవదానికి పంపును. ఆ రెండవది టెసెరాక్ట్. అది 1985 మొదలు 1994 వఱకు హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో రూపొంది, 2005లో ఎల్లరకు ఉచితముగ వెల్లడియైనది. 2018లో వచ్చిన దాని నాల్గవ రూపము అక్షరమున కక్షరము విడదీయక, వరుస నంతటిని ఒక్కటిగ చూచి చదువ నేర్చినది.

తెలుగును చదువుట యంత్రమునకు సులభము కాదు. ఆంగ్లమున అక్షరములు పక్కపక్కన కూర్చుండును. మన అక్షరమునకు తలపైని గుడియు, క్రిందను వత్తును ఉండును. ఛాయ కొంచెము వంకరగా తీసినను, ఈ వరుసలోని వత్తు ఆ వరుసలోని గుడితో కలిసిపోవును. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రకటించిన వ్యాసమున తెలుగు అక్షరముల రూపభేదములు పదివేల వఱకు ఉండవచ్చునని అంచనా వేసి, వానిని 370 తునుకలుగ విడదీసి గుర్తించు ఉపాయము చెప్పిరి. ఆనాడు వారికి వచ్చిన ఫలితము నూటికి ఇంచుమించు 92. అది తొలినాళ్లలో మెచ్చదగిన విజయము. కాని లెక్క వ్రాయువాని కన్నుతో చూడుడు: నూటికి ఎనిమిది తప్పినచో, వేయి అక్షరముల పుటలో ఎనుబది తప్పులు. నేటి సాధనములు శుభ్రమైన అచ్చును అంతకంటె చాల బాగుగ చదువుచున్నవి. అయినను తప్పు లేని పుట అరుదు.

ఇంకొక చిక్కు ఎవరికిని తోచనిది. కొన్ని పీడీఎఫ్ దస్త్రములు కంటికి చక్కని తెలుగుగ కనబడును. అక్షరములను ఎత్తి చూచినచో ఆంగ్ల లిపి గుర్తుల కలగూరగంప వచ్చును. యూనికోడు వాడుకలోనికి రాక పూర్వము, కొన్నిచోట్ల ఆ పిమ్మట కూడ, అచ్చుకూటములవారు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను అమర్చిన ఫాంట్లతో పని జరుపుకొనిరి. అట్టి దస్త్రమున "అక్షరములున్నవి" అని టికా మోసపోవును. కావున ఎత్తిన వ్రాత తెలుగు సంకేతములలో నున్నదా లేదా అని పరీక్షించి, లేనిచో ఆ పుటను బొమ్మగ మార్చి టెసెరాక్టునకు పంపు ఏర్పాటు చేయవలసివచ్చినది.

ఇంతవఱకు పని ఒక్క యంత్రము చేయగలదు. మూడు ఎందులకు? పెట్టెలు, గుంపు అని పిల్లలు చెప్పుకొను మాటల కర్థమేమి? దీనికి మనకు తెలిసిన పోలిక యొకటి చెప్పెదను. పెండ్లికి వచ్చు వంటవారిలో రెండు తెఱగులవారు కలరు. ఒకడు చేతులూపుకొని వచ్చి, మన యింటి గిన్నె సరిపోలేదని, గరిటె వంకర యని, పొయ్యి చిన్నదని చెప్పును. రెండవవాడు గిన్నెలు, గరిటెలు, పొయ్యి, మసాలా పొడులు సమస్తము ఒక పెట్టెలో పెట్టుకొని వచ్చును. అతడు మదనపల్లెలో వండినను కుప్పములో వండినను సాంబారు రుచి మాఱదు. చదువు సాధనమును దానికి కావలసిన ఉపకరణములన్నిటితోను ఒక్క పెట్టెగ కట్టుటయే కంటైనరు. 2013లో డాకర్ అను సాధనము వచ్చిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. ఈ పేరు ఓడరేవులనుండి వచ్చినది. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని నెవార్కు రేవునుండి ఐడియల్ ఎక్స్ అను ఓడ ఒకే కొలత గల 58 ఇనుప పెట్టెలతో హ్యూస్టను రేవునకు బయలుదేఱినది. పెట్టెలో నేమున్నను, ఎత్తు యంత్రమునకు పెట్టె కొలత తెలిసిన చాలును. కంప్యూటరు విషయమున కూడ అంతే.

అట్టి పెట్టెలను అనేక యంత్రములపై నడిపించు పాలకుడు కావలెను. ఆ పాలకుడే కుబెర్నెటీస్. గూగుల్ సంస్థ 2014లో వెలువరించినది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టువాడని అర్థము. చిన్న యంత్రములకు తగునట్లు తేలికపఱచిన దాని రూపము 2019లో కే-త్రీ-ఎస్ అను పేర వచ్చినది; మన గదిలో నున్నది అదియే.

అది చేయు పనిని గ్రామ లెక్కల భాషలో అజమాయిషీ అనవచ్చును. అడంగలులో వ్రాసినది ఒకటి, చేనిలో నిలిచిన పైరు ఇంకొకటి కాకుండ అధికారి పొలమునకు వచ్చి లెక్కను నేలతో సరిచూచును. కుబెర్నెటీసునకు మనము ఒక కాగితము వ్రాసి ఇత్తుము: "టికా పెట్టెలు మూడు నడువవలెను, ఒక్కొక్కదానికి ఇంత జ్ఞాపకశక్తికి మించి ఇయ్యరాదు." అది క్షణక్షణము కాగితమును వాస్తవముతో సరిచూచును. ఒక పెట్టె ఆగిపోయి రెండే నడుచుచున్నచో, ఎవరును చెప్పకయే మూడవదానిని మరల లేపును. ఒక యంత్రము చెడినచో దానిమీది పెట్టెలను మిగిలిన యంత్రములపై నడిపించును. ఆ లెక్క పుస్తకపు ప్రతి మూడు యంత్రములయందును ఉండును. మూడింట రెండు ఏకీభవించిననే మార్పు చెల్లును. కావున ఒకటి పడిపోయినను పాలన సాగును.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. ఒక పెట్టె సగము పుస్తకము చదివి పడిపోయినచో, క్రొత్త పెట్టెకు ఎచ్చటనుండి చదువవలెనో ఎట్లు తెలియును? మన మహాభారతమును తలచుకొనుడు. నన్నయ అరణ్యపర్వము నడుమ నిలిపెను. తిక్కన విరాటపర్వమునుండి అందుకొనెను. మిగిలిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. ఎఱ్ఱనకు అది సాధ్యమైనది ఎందుచేత? నన్నయ వ్రాసినది ఎచ్చట నాగినదో ప్రతులలో నిలిచియుండుటచేత. యంత్రములకు కూడ అట్టి వరుస పట్టిక యొకటి పెట్టెలకు వెలుపల ఉండవలెను. ప్రతి పుటకును ఒక వరుస. "చదువవలసినది", "చదువుచున్నది", "చదివినది" అని మూడు స్థితులు. "చదువుచున్నది" అని చాలసేపు నిలిచిన పుట మరల "చదువవలసినది"గ మారును. కరెంటు పోవుట మనకు వింత కాదు గనుక ఈ పట్టికయే మన సేవకు ప్రాణము.

దీనిని నెలకొల్పగోరు ఇతర గ్రంథాలయములవారికి ఉపయోగపడునని కొన్ని నియమములను చెప్పెదను.

పెట్టె అశాశ్వతము. అది ఆగినప్పుడు దానిలోపల వ్రాసికొన్నదంతయు పోవును. కావున మూలఛాయలును, ఎత్తిన వ్రాతయు పెట్టెకు వెలుపల, స్థిరమైన స్థలమున ఉంచవలెను.

పెట్టెలో తెలుగు చదువు ఉన్నదో లేదో ముందుగ చూడవలెను. టికావారు సిద్ధపఱచి యిచ్చు పెద్ద పెట్టెలో టెసెరాక్టు ఉన్నను, దానితో వచ్చు భాషలలో ఆంగ్లము మొదలైనవి యున్నవి గాని తెలుగు లేదు. తెలుగు, తమిళ, కన్నడముల చదువును మనము వేఱుగ చేర్చి క్రొత్త పెట్టె కట్టుకొనవలెను. చేర్చనిచో అది తెలుగు పుటను ఆంగ్లమనుకొని చదువును, తెలియదని చెప్పదు. కుప్పమునుండి వచ్చిన పుటలను ముందుగ లిపినిబట్టి వేఱుచేసి పంపుట మేలు. ప్రతి పుటకును అన్ని భాషలు చెప్పినచో వేగము తగ్గును, తప్పులు పెరుగును.

శక్తికి మించి పెట్టెలు నడుపరాదు. మూడు పొయ్యిలున్నచోట ముప్పది కుండలు పెట్టిన అన్నము త్వరగ ఉడుకదు. ఒక్కొక్క యంత్రమునకు ఉన్న ప్రాసెసరు బలమును మించి పెట్టెలు పెంచినచో అన్నియు నెమ్మదించును.

క్రొత్తగ లేచిన పెట్టె సిద్ధమైనదని చెప్పువఱకు దానికి పని ఇయ్యరాదు. అంగడి తలుపు తీయుచుండగనే గిరాకీని తోసినచో సరకు వీథిలో పడును. పెట్టె నిజముగ నడుచుచున్నదా, ఊరక కన్నులు తెఱచియున్నదా అనియు అప్పుడప్పుడు అడుగుచుండవలెను. జబాబు రానిచో దానిని ఆపి మరల లేపు ఏర్పాటు కుబెర్నెటీసులోనే కలదు.

ఏ పుటను సాధనము యొక్క ఏ రూపము చదివినదో వ్రాసియుంచవలెను. రేపు మెఱుగైన రూపము వచ్చినప్పుడు ఏయే పుటలను మరల చదివింపవలెనో అప్పుడు తెలియును.

ఈ సేవను వీథిలోనికి తెఱచి ఉంచరాదు. ఆ పత్రములలో జనుల యిండ్ల గుట్టులున్నవి. అప్పులు, పంపకములు, తగవులు ఉన్నవి. దూరపు సంస్థల యంత్రములకు పంపక మన గదిలోనే చదివించుటకు ఇదియొక కారణము.

మంచిది. ఇక గుంపు వలన తీరని ఆపద యొకటి కలదు. మూడు యంత్రములును ఒక్క గదిలో, ఒక్క కరెంటు మీటరుపై ఉన్నవి. ఒక యంత్రము చెడుట వలన వచ్చు నష్టమునుండి గుంపు కాపాడును; గది కాలినచో గుంపును లేదు, గది లేదు. మదనపల్లె మంటలు నేర్పిన పాఠము ఇచ్చటను వర్తించును. కావున మూలఛాయల ప్రతులు పుంగనూరులో నొకటి, మదనపల్లెలో నొకటి, పలమనేరు దాటి కుప్పములో నొకటి ఉండవలెనని నేను కోరుచున్నాను. ఒక్కొక్క ప్రతికి చేతిలో పట్టు చిన్న డిస్కు చాలును.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తును: యంత్రము చదివినది గనుక కట్టలను అమ్మివేయవచ్చునా?

కూడదు. మూడు కారణములు చెప్పెదను.

ఒకటి. యంత్రము అర్థము తెలియక వ్రాయు లేఖకుడు. వ్యాసునకు వినాయకుడు లేఖకుడైన కథ మీకు తెలియును. గంటము నిలుపను అని వినాయకుడు నియమము పెట్టగా, అర్థము గ్రహింపక వ్రాయరాదని వ్యాసుడు ఎదురు నియమము పెట్టెను. మన యంత్రము మొదటి నియమమును చక్కగ పాటించును, రెండవదానిని పాటింపలేదు. "గుంట" అను చోట "కుంట" అని వ్రాసినను దానికి తేడా లేదు. ద, ధలకును, బ, భలకును నడుమ నున్నది ఒక్క చిన్న గీత. కావ్యమున ఒక అక్షరము తప్పినచో ఛందస్సు పట్టి ఇచ్చును. గణము చెడెనని మనకు తెలియును. సర్వే నంబరుకు ఛందస్సు లేదు. 13 అను చోట 18 అని పడినచో చదువువానికి అనుమానమే రాదు. ఒకని మడి ఇంకొకని పేర కనబడును. కావున ఎత్తిన వ్రాత వెదకుటకే గాని, ఋజువునకు పనికిరాదు. దాని ప్రక్కన మూలఛాయయు, దాని వెనుక మూలపత్రమును ఉండితీరవలెను.

రెండు. మన పాత అచ్చులోని అర్ధానుస్వారములను, శకటరేఫములను మన గదిలోని యంత్రము తఱచు విడిచిపెట్టుచున్నది, లేక వేఱొకటిగ వ్రాయుచున్నది. కాలు, వీసము, కాని అను భిన్నములకు కరణములు వాడిన గుర్తులను అది అసలు గుర్తింపలేదు. ఆ తెలుగు భిన్నపు గుర్తులకు యూనికోడులో 2008లో స్థానము లభించినది. అనగా వ్రాసికొనుటకు సంకేతము కలదు. చదువుట మాత్రము యంత్రమునకు ఇంకను రాలేదు. కాలు కానిగ మారినచో పదునాఱవ వంతే మిగులును. నాలుగింట ఒకటి ఎక్కడ, అఱువది నాలుగింట ఒకటి ఎక్కడ?

మూడవది అన్నిటికంటె పెద్దది. టెసెరాక్టు అచ్చును చదువుటకు నేర్చినది. మన కట్టలలో చాల భాగము అచ్చు కాదు, గొలుసుకట్టు వ్రాత. కలము ఎత్తకుండ, అక్షరమును అక్షరముతో ముడివైచి, వేగముగ సాగిన కరణపు దస్తూరి. అట్టి పుటను ఇచ్చినచో యంత్రము అర్థము లేని నాలుగు ముక్కలు వ్రాసి, "చదివినది" అని పట్టికలో గుర్తు పెట్టును. ఆ గుర్తును నమ్మి కాగితము అమ్మివేసినచో, చదువబడని దానిని చదివితిమనుకొని కాల్చినవారమగుదుము. అగ్నిచే పోయినదానికి ఏడ్చుటకైనను వీలుండును; ఇట్లు పోయినదానిని పోయినదని కూడ ఎవరును ఎఱుగరు.

గొలుసుకట్టును చదువగలవారు ఎందఱు మిగిలియున్నారు? 1984లో కరణము ఉద్యోగములు రద్దయినవి. ఆనాడు ఇరువది యేండ్ల పడుచువాడై తండ్రి ప్రక్కన కూర్చుండి కవిలె వ్రాసినవానికి నేడు అఱువది దాటినవి. అతని తండ్రి తరమువారు దాదాపు వెడలిపోయిరి. పిన్నలకు ఆ వ్రాత వంకర గీతల వరుస. పదియేండ్లు గడచినచో కవిలె యుండియు మూగదగును. మనకు యంత్రము వచ్చినది. దానికి నేర్పు గురువులు వెడలిపోవుచున్నారు. ఈ రెండును ఒకే సమయమున జరుగుచున్నవి. ఇదియే నేను మీకు చెప్పదలచిన ముఖ్య విషయము.

యంత్రము ఆ వ్రాతను ఎన్నటికిని చదువలేదని నేను చెప్పను. వరుస ఛాయయు, దాని ప్రక్కన ఒక మనిషి చదివి వ్రాసిన శుద్ధపాఠమును జంటలుగ కూర్చి వేలకొలదిగ ఇచ్చినచో యంత్రము నేర్చుకొనును. అచ్చును నేర్చినదియు అట్టి జంటలవలననే. కాని ఆ జంటలలోని రెండవ భాగమును వ్రాయువాడు మనుష్యుడే కావలెను, వానికి గొలుసుకట్టు వచ్చియుండవలెను. అచ్చు పుస్తకములను చదివించుటలో యంత్రము మనకు మిగిల్చిన గంటలను ఈ పనికి వెచ్చింపనిచో, ఆ మూడు పెట్టెలు నడిచిన ఫలమేమి?

కావున సర్వసభ్య సమావేశమునకు నాలుగు ప్రతిపాదనలను వినయముతో సమర్పించుచున్నాను. ఏ కట్టను అమ్మరాదు. చోటు చాలనిచో ఇంకొక బీరువాకు చందాలు వేసికొందము, నా వంతు నేనిత్తును. ఎత్తిన ప్రతి వ్రాతకును దాని ఛాయను జతపఱచి, అంకెలను, పేళ్లను ఇద్దఱు వేఱువేఱుగ సరిచూచిన పిమ్మటనే "చదివినది" అని గుర్తు పెట్టవలెను; యంత్రము పెట్టు గుర్తు "ఎత్తినది" అని మాత్రమే యుండవలెను. మూలఛాయల ప్రతులను మూడు ఊళ్లలో ఉంచవలెను. వారమునకొక సాయంకాలము గొలుసుకట్టు ఎఱిగిన పెద్దలను పఠన మందిరమునకు సగౌరవముగ పిలిచి, ఒక పడుచువానినో పడుచుపిల్లనో ప్రక్కన కూర్చుండబెట్టి, పెద్దలు చదువగా పిన్నలు వరుసకు వరుస వ్రాయు ఏర్పాటు చేయవలెను. రాలేని పెద్దల యిండ్లకు మనమే కట్టను గట్టి సంచిలో పెట్టుకొని పోవలెను.

గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దలు పుస్తకమును పాఠకుని చేతికి అందించుట తమ ధర్మమనుకొనిరి. నేడు ఆ ధర్మమునకు ఇంకొక భాగము చేరినది: చదువరాని కాగితమునకు పాఠకుని సిద్ధపఱచుట. ఆ పాఠకుడు కొంత యంత్రము, కొంత మనుష్యుడు. యంత్రమును మన పిల్లలు చక్కగ నిలిపిరి. బెంగుళూరు ఉద్యోగములనుండి సెలవు దినములలో వచ్చి నిద్ర మాని పనిచేసిన వారికి ఈ సభ తరపున అభినందనములు. మనుష్యుని భాగమును నిలుపు పని మనకు మిగిలియున్నది. మీ యిండ్లలో గొలుసుకట్టు చదువగల తాతలు, మేనమామలు, పెదనాయనలు ఉన్నచో, సభ ముగిసిన వెంటనే వారి పేళ్లను కార్యదర్శిగారి బల్లపైనున్న పుస్తకములో వ్రాయుడు.